కొట్టేసిన వాక్యం

"అమ్మా, గ్యాస్ కట్టేశానా?"

"కట్టేశావే."

"నువ్వు చూశావా?"

"చూశానే తల్లీ. పొయ్యి దగ్గరా తిప్పేశావు, సిలిండర్ దగ్గరా తిప్పేశావు. పద."

గువ్వ తలూపి రెండు మెట్లు దిగి మళ్లీ ఆగిపోయింది. తల్లి చేతిసంచి ఒక భుజం మీంచి ఇంకో భుజానికి మార్చుకుంది. పదింటికి వెళ్లాల్సిన చోటికి ఎనిమిదింటికే బయల్దేరారు. ఇప్పుడు తొమ్మిదిన్నరయింది, ఇంకా రెండో మెట్టు మీదే ఉన్నారు. పై అంతస్తు పెద్దాయన కుక్కని షికారుకి తీసుకెళ్లి, తిప్పి, తీసుకొచ్చేశాడు కూడా. మెట్లెక్కుతూ "ఊరెళ్లి వచ్చారా, వెళ్తున్నారా?" అని నవ్వాడు. తల్లి కూడా నవ్వింది. నవ్వకపోతే సంగతేంటని అడుగుతాడు.

"అమ్మా, తలుపు?"

"గంట మోగింది కదే. విన్నాం కదా ఇద్దరం."

తలుపు గడియకి ఒక చిన్న గంట ఉంది. గువ్వ నాన్న లిఫ్టు మెకానిక్. పాతికేళ్లుగా అపార్టుమెంట్లలో, ఆఫీసుల్లో ఆగిపోయిన లిఫ్టుల్ని నడిపిస్తున్నాడు. కూతురు తలుపు దగ్గర గంటలు గంటలు నిలబడిపోవడం చూడలేక, ఒక ఆదివారం కూర్చుని గడియకి తీగ కట్టాడు. గడియ పూర్తిగా పడితేనే గంట మోగుతుంది. పది రోజులు బ్రహ్మాండంగా పనిచేసింది. పదకొండో రోజు గువ్వ అడిగింది, "నాన్నా, ఇప్పుడు విన్నది ఇవాళ్టి గంటేనా? నిన్నటిది చెవిలో ఉండిపోయిందేమో!" ఆయన స్క్రూడ్రైవర్ జేబులో పెట్టుకుని పనికి వెళ్లిపోయాడు.

"పడిందే. గడియ పడింది, గ్యాస్ ఆగింది, కుళాయి కారట్లేదు, ఇస్త్రీపెట్టె అసలివాళ తియ్యనే లేదు," అంది తల్లి ఒక్క గుక్కలో. అలా చెప్తే గువ్వ ముఖం ఒక్క నిమిషం తేటపడుతుంది. ఆ ఒక్క నిమిషం కోసం ఆవిడ రోజుకి వందసార్లయినా చెప్తుంది. లెక్క పెట్టడం ఎప్పుడో మానేసింది.

పద్దెనిమిదోసారి వెనక్కి వెళ్లొచ్చాక గువ్వ కళ్లు గట్టిగా మూసుకుని తల్లి చెయ్యి పట్టుకుంది. "లాక్కెళ్లిపో అమ్మా." తల్లి లాక్కెళ్లింది.

ఆవిడ ముప్పై ఒక్కేళ్లు ఒక అచ్చాఫీసులో ప్రూఫులు దిద్దింది. పాఠ్యపుస్తకాలు, ప్రశ్నపత్రాలు, రైళ్ల టైం పట్టికలు, ఏది అచ్చుకి వెళ్లాలన్నా ముందు ఆవిడ ఎర్రపెన్ను కింద నుంచి వెళ్లాల్సిందే. ఆఫీసులో అందరూ ప్రూఫులమ్మ అనేవాళ్లు. "ప్రూఫులమ్మ చూశాక దేవుడొచ్చి చూసినా జీతం దండగే," అని మెషిన్ దగ్గర మేస్త్రీ అంటుండేవాడు. ఇంట్లోనూ అదే అలవాటు. మిగతా తల్లులు పిల్లల్ని తిన్నావా, పడుకున్నావా అని అడిగితే, ఈవిడ "రెండోసారి చూసుకున్నావా?" అని అడిగేది. ఆరేళ్ల గువ్వ బడికెళ్లే ముందు సంచీ రెండుసార్లు విప్పి చూసుకునేది. ఆ ముచ్చట ఇంటికొచ్చిన ప్రతివాళ్లకీ చెప్పేది తల్లి. చెప్పి మురిసిపోయేది.

అలాంటి పిల్ల ఫార్మసీ చదివి, పెద్దాసుపత్రిలో మందుల కౌంటరులో కుదిరింది. ఇంతకంటే తగిన పని ఉండదనుకున్నారు అందరూ. ఆరేళ్లు ఏ మచ్చా లేకుండా గడిచింది. ఆర్నెల్ల కిందట ఒక పొద్దున, వరస గుమ్మం దాటిపోయిన రద్దీలో, ఒక పసిబిడ్డ సీసాకి పక్కనున్న ముసలాయన లేబుల్ అంటించింది. బిడ్డ తల్లి సీసా అటూ ఇటూ తిప్పి, "ఇదేంటండీ, వయసు డెబ్భై ఒకటి అని ఉంది, మావాడికింకా పళ్లే రాలేదు," అంది నవ్వుతూ. గువ్వ గబగబా లేబుల్ మార్చి ఇచ్చింది. ఆవిడ "పర్లేదమ్మా" అని వెళ్లిపోయింది. బిడ్డకేం కాలేదు. ఎవరూ ఫిర్యాదు చెయ్యలేదు. జరిగిందల్లా అంతే.

ఆ మర్నాటి నుంచి గువ్వ ప్రతి లేబుల్ నాలుగుసార్లు చదవడం మొదలుపెట్టింది. నెల తిరిగేసరికి ఇరవైసార్లయింది. వరసలో జనం అరిచేవాళ్లు. ఇంటికొచ్చాక గ్యాస్, కుళాయి, తలుపు. రెండు నెలలు చూసి, మందుల విభాగం పెద్దాయన ఆమెని తన గదిలో కూర్చోబెట్టి చీటీ రాసిచ్చాడు. అదే ఆసుపత్రి వెనక బిల్డింగు, మూడో అంతస్తు, థెరపిస్టు. "జ్వరమొస్తే డాక్టరు దగ్గరికి వెళ్లమా? ఇదీ అంతేనమ్మా. మూడు నెలలు నీ కుర్చీలో ఎవర్నీ కూర్చోబెట్టను. చూపించుకుని రా."

ఆ చీటీని తల్లి నాలుగు మడతలు పెట్టి కొంగున ముడేసింది. వెనక బిల్డింగు మూడో అంతస్తులో ఏ బోర్డుందో ఆవిడకి తెలుసు. మందుల కౌంటరు వాళ్లంతా టీకి వెళ్లేది ఆ బోర్డు కిందనుంచే. "రేపు మళ్లీ కౌంటర్లో కూర్చుంటే, దాని చేతి మందు ఎవరు తీసుకుంటారండీ?" అంది భర్తతో.

"తీసుకునేవాళ్లు తీసుకుంటారు. ముందు పిల్లని బాగుపడనీ," అన్నాడాయన.

అప్పుడొచ్చాడు ఆవిడ తమ్ముడు. కార్ల షోరూములో మేనేజరు. ఏడాది కిందట ఒక లైఫ్ కోచ్ దగ్గర చేరి సిగరెట్లు మానేశాడు, పొట్ట తగ్గించాడు. పొట్ట మళ్లీ వచ్చింది గానీ సిగరెట్లు మాత్రం రాలేదు. "అక్కా, థెరపిస్టంటే వెనక్కి తవ్వుకుంటూ పోతారు. చిన్నప్పుడేం జరిగింది, అమ్మేమంది, నాన్నేమన్నాడు, ఇదే గోల. కోచ్ అలా కాదు, ముందుకి తోస్తుంది. మన పిల్లకి కాస్త తోపు చాలు."

"తోస్తే కదలడానికి అదేమన్నా మీ షోరూములో బండా?" అన్నాడు బావ.

"బావా, నీకు లిఫ్టులు తెలుసు, మనుషుల సంగతి నాకు తెలుసు."

"లిఫ్టులో ఉండేది మనుషులేరా."

తల్లి ఆ రాత్రంతా ఆలోచించి, పొద్దున్నే కోచ్‌కి ఫోన్ చేసింది. పిల్ల పనిలో చిన్న పొరపాటు చేసిందనీ, అప్పట్నించీ జంకుతోందనీ చెప్పింది. అవతలి గొంతు తేనెలా ఉంది. "మీరు చెప్పినదాన్ని బట్టి మీ అమ్మాయికి జబ్బేమీ లేదండీ. నమ్మకం కొంచెం దెబ్బతింది, అంతే." జబ్బేమీ లేదు. ఆ మాట ఎవరైనా అంటారేమోనని ఆవిడ మూడు వారాలుగా ముఖాలు చూస్తోంది. ఫోన్ పెట్టేసి, థెరపిస్టు దగ్గర తీసుకున్న టైము వద్దని ఆసుపత్రికి చెప్పేసింది.

గువ్వని అడగలేదా అంటే, అడిగారు. "మీరెలా అంటే అలా," అంది. ఏది ఎంచుకున్నా అది తప్పేమోనని మళ్లీ మళ్లీ చూసుకోవాలి కదా. అందుకని ఎంచుకోవడమే మానేసింది.

కోచ్ నాలుగు పేజీల ఫారం పంపింది. మీ గురించి దాచకుండా రాయండి, అని పైన ఉంది. గువ్వ మూడు రోజులు కూర్చుని రాసింది. జాగాలు చాలక అంచుల్లో కూడా రాసింది. "అమ్మా, ఒక్కసారి చూడవా? తప్పులుంటాయేమో," అని తల్లి చేతికిచ్చి వెళ్లి పడుకుంది. తల్లి కళ్లజోడు పెట్టుకుని ఎర్రపెన్ను తీసింది. 'ఇంట్లోంచి బయటపడ్డానికి రెండు గంటలు పడుతుంది' అన్నచోట 'కొంచెం సమయం' అని మార్చింది. 'స్నానానికి ముందు నీళ్ల కుళాయి నలభైసార్లు' అన్నది కొట్టేసింది. మరీ ఇంత విడమర్చి రాస్తే పిల్ల గురించి ఏమనుకుంటారు? చివరి పేజీ అడుగున ఒక వాక్యం దగ్గర పెన్ను ఆగింది. చాలాసేపు ఆగింది. తర్వాత దాన్ని ఒకసారి కొట్టేసి, కొట్టేసిన గీత మీద ఇంకోసారి కొట్టేసింది.

కొత్త ఫారం తెచ్చి గుండ్రటి అక్షరాలతో సాఫు ప్రతి రాసి పంపింది. దిద్దిన ప్రతిని అలవాటుగా అట్టల ఫైలులో పెట్టింది. పుస్తకం అచ్చయి చేతికొచ్చేదాకా ప్రూఫు పారెయ్యకూడదు. ప్రెస్సులో మొదటి రోజు నేర్పిన పాఠం అది.

కోచ్ ఆఫీసు చెప్పుల షాపు మీద మొదటి అంతస్తులో ఉంది. పసుపుపచ్చ కుర్చీలు, కిటికీలో రెండు మొక్కలు, గోడ మీద కొండెక్కుతున్న మనిషి బొమ్మ. వీళ్లు చేరేసరికి పదీ నలభై.

"ఇవాళ్టికి పదో వారం!" అంది కోచ్, నలభై ఏళ్ల చురుకైన మనిషి. "ఆలస్యం ఒక్కటే మనం ఇంకా గెలవాల్సింది. మిగతా అన్నీ ఎంత బాగా చేస్తోందో! పుస్తకం తెచ్చారా? కొత్తగా చేరేవాళ్లకి చూపిస్తాను."

ఆ పుస్తకంలో రోజుకి నలభై గళ్లు. నీళ్లు తాగానా, నడిచానా, అద్దంలో చూసి నవ్వానా, కొత్తవాళ్లనెవర్నైనా పలకరించానా. చేసినదాని పక్కన టిక్కు పెట్టాలి. ఎన్ని టిక్కులు పడ్డాయో రోజూ తల్లి ఫోనులో పంపేది. నలభైకి నలభై. నలభైకి ముప్పై తొమ్మిది. ఆ అంకెలు పంపేటప్పుడు ఆవిడకి మార్కుల జాబితా పంపుతున్నంత హాయిగా ఉండేది.

కోచ్ పుస్తకం తెరిచింది. నవ్వు అలాగే ముఖం మీద ఉండిపోయింది గానీ కళ్లలోంచి జారిపోయింది.

ప్రతి టిక్కు మీదా టిక్కు. దాని మీద మళ్లీ టిక్కు. నిజంగా నీళ్లు తాగానా అని గుర్తు తెచ్చుకుని పెట్టింది, గుర్తు తెచ్చుకున్నది నిజమేనా అని మళ్లీ పెట్టింది. కాగితం నల్లబడి, మెత్తబడి, చిరిగి, కింద పేజీలో గళ్లు కనిపిస్తున్నాయి. కొన్ని పేజీల్లో గళ్లే లేవు, చిల్లులు మాత్రమే ఉన్నాయి.

"ఇది నింపడానికి రోజూ ఎంతసేపు పడుతోందమ్మా?"

"ఐదు గంటలు," అంది గువ్వ. "నిన్న ఆరు."

"నాకెప్పుడూ చెప్పలేదేం?"

గువ్వ తెల్లబోయింది. "మీకు తెలుసు కదండీ. ఫారంలో అంతా రాశాను కదా. మీరు ఒక్కసారి కూడా ఆ సంగతి ఎత్తకపోతే, పట్టించుకోకపోవడమే వైద్యమేమో అనుకున్నాను."

కోచ్ బీరువాలోంచి ఫారం తీసి బల్ల మీద పెట్టింది. గువ్వ వంగి చూసింది. మొదటి పేజీ తిప్పింది, రెండోది తిప్పింది. మూడోదానికి వచ్చేసరికి చెయ్యి ఆగింది.

"ఇది మా అమ్మ రాత."

చెప్పుల షాపులో ఎవరో సైజు చాల్లేదని గొడవ పెట్టుకుంటున్న మాటలు స్పష్టంగా పైకి వినిపిస్తున్నాయి. గువ్వ చివరి పేజీ అడుగుకి వెళ్లింది. అక్కడ ఖాళీ.

"ఇది కూడా తీసేశావా అమ్మా?"

తల్లి నోరు తెరిచింది. రోజుకి వందసార్లు జవాబు చెప్పే నోరు. ఏమీ రాలేదు.

కోచ్ మెల్లగా పుస్తకం మూసింది. "అమ్మా, ఇది నా చేతిలో పని కాదు. నేను బాగున్నవాళ్లని ఇంకాస్త ముందుకి నడిపిస్తాను. అంతే నాకొచ్చింది. మీ అమ్మాయి రాసింది మొదట్లోనే చదివుంటే ఆ రోజే థెరపిస్టు దగ్గరికి పంపేదాన్ని. చూసుకోవడం ఆపలేని పిల్లకి చూసుకోవడానికి నలభై గళ్లిచ్చాను నేను." ఆవిడ పుస్తకాన్ని గువ్వ వైపు జరిపింది. "ఫోనులో జబ్బేమీ లేదన్నాను చూడండి, ఆ తప్పు మాత్రం నాది."

బస్సులో గువ్వ తల్లి పక్కన కాకుండా వేరే సీట్లో కూర్చుంది. ఇంటి తలుపు తీసుకుని లోపలికెళ్లి, వెనక్కి తిరిగి గడియ కూడా చూసుకోలేదు. అది చూసి తల్లి చెప్పులు కూడా విప్పకుండా వెనకాలే వెళ్లింది.

మధ్యాహ్నం భోజనానికొచ్చిన తండ్రికి గువ్వే చెప్పింది. నాలుగు ముక్కల్లో, ఎవరి సంగతో చెప్తున్నట్టు. ఆయన చేతులు కడుక్కుని, తిన్నగా అట్టల ఫైలు దగ్గరికి వెళ్లాడు. ముప్పై ఏళ్ల కాపురంలో భార్య ఏది ఎక్కడ దాస్తుందో ఆయనకి తెలుసు.

"వద్దండీ," అంది భార్య.

ఆయన వినలేదు. కిటికీ దగ్గరికి తీసుకెళ్లి, ఎర్రగీతల కింద అక్షరాలు వెతుక్కుంటూ చదివాడు. చివరి పేజీ అడుగుకొచ్చాక మాత్రం పైకి చదివాడు. "ఒక్కోరోజు పొద్దున లేవకుండా ఉండిపోతే ఇవేవీ చూసుకోనక్కర్లేదు కదా అనిపిస్తుంది. ఈమధ్య రోజూ అనిపిస్తోంది."

వంటింట్లో కుక్కరు చల్లారుతూ చిన్నగా నిట్టూర్చింది.

"లిఫ్టు ఆగిపోతే లోపల ఇరుక్కున్నవాళ్లు ఏం చేస్తారో తెలుసా ప్రూఫులమ్మా?" అన్నాడాయన. కోపమొస్తేనే ఆ పేరుతో పిలుస్తాడు. "బెల్లు నొక్కుతారు. వాళ్ల చేతిలో ఉండేది అదొక్కటే. నా పిల్ల నొక్కింది. నువ్వు వైరు కత్తిరించావు. పది వారాలు... పది వారాలు నేను పక్క గదిలో పడుకుని గుర్రు పెట్టాను!"

"నేను కావాలని..."

"జవాబు చెప్పకు. ఇవాళ నాకు నీ జవాబులొద్దు."

"చెప్పనివ్వు నాన్నా," అంది గువ్వ. "అమ్మా, చెప్పు. నేనేమన్నా అచ్చుకి పంపే పుస్తకాన్నా? నాలో తప్పులు దిద్దేసి ఎవరికి చూపిద్దామని?"

తల్లి గోడ పట్టుకుని కింద కూర్చుండిపోయింది. "చూపించడానిక్కాదే. మొదట అందుకే దిద్దాను, అబద్ధమెందుకు. పరువనుకున్నాను, ఉద్యోగమనుకున్నాను. ఆ చివరిది మాత్రం... సాఫు ప్రతిలో నా చేత్తో నేను రాయాలి కదే ఆ మాట. రాయలేకపోయాను. నా చేత్తో రాస్తే అది నిజమైపోతుందనిపించింది."

"నువ్వు రాయకపోయినా నిజమే కదమ్మా," అంది గువ్వ. అరవలేదు. అరిచుంటే తల్లికి కాస్త సులువుగా ఉండేది. "మర్నాడు పొద్దున నువ్వు నా ముఖంలోకి చూస్తావనుకున్నాను. చదివావు కదా, ఏదో ఒకటి అడుగుతావనుకున్నాను. నువ్వు టిఫిన్ తిన్నావా అన్నావు. అంటే చదివి కూడా ఏమీ అనలేదంటే, అదంత పెద్ద విషయం కాదు కాబోలు అనుకున్నాను. లేకపోతే నీకు... వద్దులే."

ఆ 'వద్దులే' తర్వాత ఏముందో తల్లికి తెలుసు. ముప్పై ఒక్కేళ్లు వదిలేసిన మాటలు పట్టుకోవడమే ఆవిడ పని.

తండ్రి ఆసుపత్రికి ఫోన్ చేశాడు. ఐదు వారాల దాకా ఖాళీల్లేవన్నారు. ఆయన ఫారం కళ్లకి దగ్గరగా పెట్టుకుని, ఆ వాక్యం అవతలి మనిషికి తప్పులు లేకుండా చదివి వినిపించాడు. ఒక్క నిమిషం ఆగమని, తర్వాత రేపు పొద్దున్నే తీసుకురమ్మన్నారు. అందాకా ఒంటరిగా వదలొద్దన్నారు. అన్నీ చేసి ఫోన్ పెట్టేసరికి ఆయన చొక్కా తడిసిపోయింది.

మర్నాడు పొద్దున వెనక బిల్డింగు లిఫ్టులో మందుల కౌంటరులో పనిచేసే ఒకమ్మాయి ఎదురైంది. గువ్వని చూసి పలకరించబోయి, మూడో నంబరు వెలిగి ఉండటం చూసి, తన చెప్పులకేసి చూసుకుంది. తల్లి ఎన్నాళ్లుగానో భయపడిన క్షణం అదే. వచ్చింది, రెండు అంతస్తులు ప్రయాణం చేసింది, దిగిపోయింది. దీనికోసమా, అనుకుంది ఆవిడ. దీనికోసమా నేను ఆ మాట కొట్టేసింది? ఏడుపు కూడా రాలేదు.

"బ్రేకు శబ్దం బాలేదు దీనికి," అని గొణిగాడు తండ్రి.

వరండాలో బల్ల మీద ముగ్గురూ కూర్చున్నారు. లోపల ఎవరిదో టైము నడుస్తోంది. తల్లి సంచిలోంచి దిద్దిన ఫారం తీసి కూతురి ఒళ్లో పెట్టింది. "లోపల ఇదివ్వు. సాఫు ప్రతి కాదు, నీదే."

గువ్వ తిప్పి చూసింది. ఎర్రగీతలన్నీ అలాగే ఉన్నాయి. కానీ కొట్టేసిన ప్రతి మాట కిందా వరసగా చిన్న చిన్న చుక్కలు. చివరి పేజీ అడుగున, రెండుసార్లు కొట్టేసిన వాక్యం కింద కూడా. ప్రూఫులు దిద్దేవాళ్ల గుర్తు అది. పొరపాటున కొట్టేశాం, ఉన్నది ఉన్నట్టే ఉంచండి, అని మెషిన్‌వాళ్లకి చెప్పే గుర్తు. చిన్నప్పుడు గువ్వ ఆ చుక్కలు తల్లి పక్కన కూర్చుని పెట్టేది. ప్రెస్సులో ఉన్న పనులన్నిట్లోకీ అదే తనకి చాలా ఇష్టం.

గువ్వ ఆ చుక్కల్ని వేలితో నిమిరింది. ఒకసారి, మళ్లీ ఒకసారి.

"ఆలస్యమైందమ్మా," అంది.

"తెలుసే," అంది తల్లి.

గువ్వ తల్లి భుజం మీద తల వాల్చలేదు. కానీ పక్కకి జరగనూ లేదు.

థెరపిస్టు జుట్టు నెరిసిన మనిషి, పెద్దగా నవ్వదు. గువ్వతో గంటసేపు మాట్లాడాక తల్లిదండ్రుల్నీ లోపలికి పిలిచింది. ఫారం ఆవిడ ముందే ఉంది. ఏ మాటకీ చక్కెర పూయకుండా చెప్పింది. ఇది ఉన్న జబ్బే, దీనికి పేరుంది, వైద్యం ఉంది. కానీ వారాల్లో పోయేది కాదు. మందులకి ఇంకో డాక్టరు దగ్గరికి కూడా వెళ్లాలి. ఆ చివరి మాట గురించి తను వారం వారం అడుగుతూనే ఉంటుంది, ఇంట్లో వాళ్లూ అడగాలి, అడగడానికి భయపడకూడదు. "పూర్తిగా తగ్గుతుందా?" అన్నాడు తండ్రి. "కొందరికి తగ్గుతుంది, చాలామందికి దానితో బతకడం వస్తుంది. ఈ మూడు నెలల్లో బాగా ముదిరింది. ఇప్పుడే మాటివ్వలేను," అంది.

తర్వాత తల్లి వైపు తిరిగింది. "కట్టేశానా, వేశానా అని అడిగితే మీరేమంటారు?"

"కట్టేశావనీ, వేశావనీ చెప్తానండీ. ఎన్నిసార్లడిగినా విసుక్కోను. ఒక్కసారి కూడా విసుక్కోలేదు."

"అది ఆపాలమ్మా. ఒక్కరోజులో కాదు, నేనూ తనూ కలిసి మొదలుపెడతాం. మొదట తలుపు ఒక్కటే. వచ్చే వారం నుంచి తలుపు గురించి అడిగితే మీరు జవాబు చెప్పకూడదు. మీరు చెప్పే ప్రతి జవాబూ ఆ పిల్లని మళ్లీ వెనక్కి పంపుతోంది."

తల్లి తన చేతులకేసి చూసుకుంది. దిద్దడమూ తప్పే. జవాబు చెప్పడమూ తప్పే. "నేను దానికి చెయ్యగలిగేది అదొక్కటేనండీ," అంది. "అది కూడా తీసుకుంటే నాకేం మిగుల్తుంది?"

"ఆ పిల్ల పక్కన నిలబడ్డం," అంది థెరపిస్టు.

ఆ వారంలోనే మందుల విభాగం పెద్దాయన ఫోన్ చేశాడు. మూడు నెలలయ్యాయి, పైవాళ్లు ఇక ఆగలేమన్నారు, కుర్చీ ఇంకొకరికి ఇచ్చేశారు. బాధపడ్డాడు పాపం. గువ్వ అంతా విని, "పర్లేదండీ," అంది. ఆ బిడ్డ తల్లి అన్నట్టే అంది.

తర్వాతి వారం, థెరపిస్టు దగ్గరికి వెళ్లే పొద్దున, తల్లీ కూతుళ్లు ఎనిమిదింటికే బయల్దేరారు. గడియకున్న గంట ముందురోజే తండ్రి విప్పేశాడు. అది ఉన్నచోట రెండు మేకు చిల్లులున్నాయి.

"అమ్మా, తలుపు వేశానా?"

తల్లి రెండో మెట్టు మీద నిలబడి ఉంది. మాట నాలుక చివరిదాకా వచ్చింది. వేశావే తల్లీ. మూడు మాటలు కాదు, రెండు. ఎంత చిన్నవి. పళ్లు బిగబట్టింది.

"అమ్మా, నిన్నే! వేశానా లేదా?"

గువ్వ వెనక్కి వెళ్లింది. లాగి చూసింది. వచ్చింది. మళ్లీ అడిగింది. మళ్లీ వెళ్లింది. ఐదోసారికి చెంపలు తడిశాయి. తొమ్మిదోసారికి పిడికిలితో తలుపు మీద కొట్టింది. "ఒక్కసారి చెప్పమ్మా. ఈ ఒక్కసారికి. ఆవిడకి చెప్పను." తల్లి కళ్లు మూసుకుంది. ఇరవై ఎనిమిదేళ్లలో ఆ పిల్ల ఏదడిగినా ఆవిడ ఇన్నిసార్లు కాదనలేదు. పై అంతస్తు పెద్దాయన కుక్కతో దిగుతూ వాళ్లని చూసి, ఈసారి ఏ హాస్యమూ ఆడకుండా గోడవారగా తప్పుకుని వెళ్లిపోయాడు.

పదకొండోసారి వెళ్లినప్పుడు గువ్వ తిరిగి రాలేదు. తలుపుకి నుదురానించి అలాగే నిలబడిపోయింది. భుజాలు కదులుతున్నాయి. తల్లి రెండు మెట్లూ ఎక్కి వెళ్లి పక్కన నిలబడింది. ఏమీ అనలేదు. గడియ వైపు చూడనూ లేదు. చూస్తే, తన ముఖంలో జవాబు దొరికిపోతుంది.

పది దాటింది. వాళ్ల టైము దాటిపోయింది. కింద వీధిలో బస్సు వచ్చి, ఆగి, వెళ్లిపోయిన చప్పుడు వినిపించింది. ఇంకో బస్సు అరగంట దాకా లేదు.

"పోయినవారం పద్దెనిమిదిసార్లమ్మా," అంది గువ్వ తలుపుకేసే చూస్తూ, ఏడుపు మధ్యలో. "ఇవాళ పదకొండు. అంటే తగ్గినట్టా, అలిసిపోయినట్టా?"

ఆ ప్రశ్నకి జవాబు చెప్పొచ్చో లేదో ఎవరూ చెప్పలేదు. చెప్పడానికి ఆవిడకి తెలియదు కూడా. తల్లి చెయ్యి చాచింది. చాలాసేపటికి ఆ చేతిలోకి ఒక చల్లటి చెయ్యి వచ్చింది. లాక్కెళ్లమని అడగలేదు గువ్వ, తల్లీ లాగలేదు. ఇద్దరూ ఆ మూసిన తలుపు ముందు అలాగే నిలబడ్డారు, తర్వాతి బస్సు వచ్చేదాకా.